ఆయన తెల్లరంగు వేసిన గోడ

పాస్టరు గారికి, ఊరి పెద్దలకి, ఇవాళ పడవలు కట్టేసి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నా భర్త అజరయా పార్డీ పోయి వారమైంది. ఆయన మంచితనం గురించి మీరంతా చెప్పారు, విన్నాను. నేను మాత్రం నా సవతి గురించి మాట్లాడతాను. ఉలిక్కిపడకండి. కిటికీలోంచి చూడండి, అక్కడే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

అవును, సముద్రమే. మనందరి పొయ్యి వెలిగేది దాని వల్లే, కాదనను. ఈ న్యూఫౌండ్లాండు తీరంలో దాని తిండి తినని నోరేది? అయినా దాన్ని చూస్తే నాకు కడుపులో మంట. ఇవాళ కూడా.

ఎందుకంటారా? ఆయనకొక చోటు ఉండేది. ఎవరికీ కాడ్ చేప పడని రోజు కూడా అక్కడ పడేది. నీళ్ళ మీద గీత గీయలేం గదా. అందుకే మన మగాళ్ళు ఒడ్డు మీది గుర్తులు చూసుకుంటారు. పడవలోంచి చూస్తే చర్చి శిఖరం ఫలానా బండ మీదికి రావాలి, ఆ కొండ అంచుకి ఈ కొట్టం ఆనాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరితే అదే చోటు. అవి తండ్రి కొడుక్కి చెబుతాడు. పెళ్ళానికి చెప్పడు. పెళ్ళానికి పక్క ఊళ్ళో అన్నదమ్ములుంటారు కాబట్టి.

నాకూ ఉన్నారు. మా అన్న గార్లండ్, అదిగో, రెండో వరసలో. మా పెళ్ళయిన ఏడాదే పడవేసుకుని ఆయన వెంట పడ్డాడు. ఆయనేం చేశాడో తెలుసా? చేపపిల్ల కూడా తిరగని చోట పొద్దుగూకేదాకా గాలం వేసుకుని కూర్చున్నాడు. ఖాళీ పడవతో ఇంటికొచ్చి, "మీ అన్నకి జలుబు చేసుంటుంది, ఏదైనా మందు పంపించు" అన్నాడు. నాకైనా చెప్పవా అంటే, "నీ నోట్లో నువ్వుగింజ నానదే" అన్నాడు. చాలా రోజులు మాట్లాడ్డం మానేశాను. ఆయన గమనించాడో లేదో. సముద్రం మీదున్నాడు.

మాకు పిల్లల్లేరు. ఆ చోటు ఆయనతోనే పోయిందా అని మీలో సగం మంది నా మొహంలోకి చూస్తున్నారు. తెలుస్తూనే ఉంది.

ఇంకో మాట. ఏటా మంచు కరగ్గానే ఆయన మా వంటింటి గోడకి బయటివైపు తెల్లరంగు వేసేవాడు. వీధిగుమ్మం రంగు ఊడిపోయినా పట్టేది కాదు, ఆ గోడ మాత్రం మెరవాలి. రోజంతా వంటింట్లో ఉండేదాన్ని నేనే కదా, నా కోసమే అనుకున్నాను. మా వదినల దగ్గర ఎన్ని గొప్పలు పోయాను! మీ మొగుళ్ళు మీకేం చేశారని అడిగాను కూడా.

పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి ఆ గుర్తులు చెప్పాడు. రెండు. మొదటిది నేను చెప్పను. రెండోది మా వంటింటి గోడ.

విన్నారా? ఆ రంగు నా కోసం కాదు. దాని కోసం. అంత దూరం నుంచి కనబడాలని. మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, నాకేమో ఒళ్ళు మండిపోయింది. ఏం చెయ్యను?

నిన్న పడవ తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. గుర్తులు కలిసిన చోట తెడ్లు ఆపాను. ఏముంది అక్కడ? నీళ్ళు. అన్నిచోట్లా ఉన్న నీళ్ళే. ఎంత లోతో, అడుగున ఏముందో, ఇన్నేళ్ళూ ఆయనకేం చెప్పిందో, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒడ్డుకేసి చూశాను. ఇళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మా గోడ ఒక్కటే తెల్లగా ఉంది.

రోజూ ఆయన కళ్ళు వెతుక్కున్నది ఆ గోడని, ఆ గోడ వెనకే నేను. నా సవతి దగ్గరికి చేరడానికి నన్ను చూశాడా? నన్ను చూస్తూ దాని దగ్గరున్నాడా? అడుగుదామంటే మనిషి లేడు. అదేమో నోరు విప్పదు.

గార్లండ్ అన్నయ్యా, చెవులు రిక్కించకు. ఒక్క గుర్తుతో చోటు దొరకదు, నీకూ తెలుసు. ఆ చోటు ఇప్పుడు నాది. వచ్చే వసంతంలో గోడకి రంగు నేనే వేసుకుంటాను.

ఇక అందరూ లేవండి. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. పాస్టరు గారూ, ఆ తలుపు మాత్రం తెరిచే ఉంచండి. నా సవతి ఏడిస్తే ఏడవనివ్వండి. దానికీ మొగుడు పోయాడు.