కోటిరత్నం మేడం తరువాత ఎవరు?

1974 జూలై ఎనిమిదవ తేదీన శ్రీమతి కోటిరత్నం గారు అద్దంకిలోని మన కళాశాలలో వ్యాయామ శిక్షకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. చీర కొంగు నడుమున దోపి, విజిల్ పట్టుకొని మైదానంలోకి దిగిన మహిళను చూడటానికి ఆ రోజుల్లో జనం ప్రహరీ గోడలెక్కేవారట. కొన్నాళ్లకు వారు విసిగి గోడ దిగిపోయారు గాని, ఆమె మైదానం వీడలేదు.

ఎండనక, వాననక ఆమె తీర్చిదిద్దిన విద్యార్థినుల కబడ్డీ జట్టు 1998లో విశ్వవిద్యాలయ పోటీలలో ప్రథమ స్థానం సాధించగా, మగపిల్లల జట్టు తృతీయ స్థానంతో సరిపెట్టుకొంది. పట్టా చేతికందగానే దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ వారు మగపిల్లల కెప్టెన్ లక్ష్మీకాంత్‌ను ఆటగాడిగా పిలిచి ఉద్యోగమిచ్చారు. ఆడపిల్లల కెప్టెన్ కోటేశ్వరిని పిలిచిన నాథుడు లేడు.

మేడం గారు ఊరుకునే మనిషా! కోటేశ్వరిని వెంటబెట్టుకొని, తోడుగా తెలుగు మాస్టారునైన నన్నూ లాక్కొని ఆ ఫ్యాక్టరీకి వెళ్లారు.

"మాకు ఆడవాళ్ల టీం లేదమ్మా," అన్నాడు ఆఫీసరు.

"మా లక్ష్మీకాంత్ ఇక్కడ ఏం చేస్తాడండీ?"

"లారీల తూకం చీటీలు రాస్తాడు."

"చీటీలు రాయడానికి కబడ్డీ కూత పెట్టాలా ఏంటండీ? మా పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, రాయించి చూడండి!"

ఆయన నవ్వి టీ తెప్పించాడు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

కోటేశ్వరి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లి, ఆ ఘాటుకు దగ్గుతూనే వ్యాయామ విద్యలో పట్టా సంపాదించింది. "నేను దిగాక నా పోస్టు దానిదేనండీ. ఒక్క ఆడపిల్లనన్నా ఆటతో నిలబెట్టానని అనిపించుకోవద్దూ?" అని మేడం గారు స్టాఫ్ రూములో అనని రోజు లేదు.

గత నెలలో ఆ పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది, కోటేశ్వరీ హాజరైంది. విశ్వవిద్యాలయ జట్టు గడప తొక్కని ఒక యువకుడు ఎంపికయ్యాడు. "రోజంతా ఎండలో నిలబడే పని, ఆడవాళ్లకు కష్టం" అని కమిటీ కారణం రాసింది. ముప్పైరెండేళ్లు ఎండలో నిలబడిన మనిషి అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు! ఆ కాగితం మీద సభ్యుడిగా నేనూ సంతకం పెట్టాను. ఛీ, ఎందుకొచ్చిన చదువులు!

మర్నాడు మేడం గారు నా ముందు నిలబడి ఒక్కటే అడిగారు. "పిల్లకు ఏమని చెప్పమంటారు మాస్టారూ? మీరే చెప్పండి."



ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి కోటిరత్నం గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. నన్ను క్షమించాలని మాత్రం కోరుకోను.