భూమిని ఆపిన టైర్లు

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. ఉన్నదున్నట్టు చెబుతాను. వింటే వినండి, లేకపోతే టీ తాగి లేచిపోండి," అంటూ గేర్ల బాబాయ్ బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

ఆయన డాక్టరమ్మ గారి డ్రైవరు. ఏ కథైనా మొదటి గేరులో మెల్లగా ఎత్తుకుని, రెండో గ్లాసు టీ వచ్చేసరికి టాప్ గేరులో పెట్టేస్తాడని టీ కొట్టు అక్కే ఆయనకి ఆ పేరు పెట్టింది. ఆ గురువారం సాయంత్రం వినేవాళ్ళం ముగ్గురమే. గ్లాసులు కడుగుతున్న అక్క, ఎదురు సందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన, జిరాక్స్ షాపు మూసేసి వచ్చిన నేను.

"మొన్న వానలో, ఆసుపత్రి మలుపు దగ్గర, మా పెద్ద బండి జారింది. ఎంతని? ఇదిగో, జానెడు. ఇంకొకడైతే గమనించేవాడే కాదు. మేడమ్ వెనక సీట్లో కూర్చుని ఎవరిదో ఎక్స్‌రే చూసుకుంటున్నారు, ఆవిడకి తెలియనే లేదు. నేను బండి పక్కకి ఆపి, దిగి, టైరు గాడిలో వేలు పెట్టి చూశాను. అరిగిపోయింది. మా మామగారి బట్టతలలాగ నున్నగా ఉంది. 'మేడమ్, నాలుగూ మార్చాల్సిందే' అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, 'శుక్రవారం కొండ దాటి అవతలి ఊరి ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ చిన్నపిల్లకి గుండె ఆపరేషను ఉంది, వెళ్ళి తీరాలి. టైర్ల సంగతి నాకేం తెలుసు? నువ్వే చూసి తీసుకో, నువ్వు బాగుందంటే బాగున్నట్టే' అన్నారు. చూశారా! పిల్లల గుండెలు కోసి కుట్టే మనిషి, తన ప్రాణం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది."

"ఇంతవరకు నమ్మొచ్చు," అంది అక్క.

"ఇంతవరకేమిటమ్మా, చివరిదాకా నమ్మాలి. సరే, టైర్ల షాపుకి వెళ్ళాను. టై కట్టుకున్న ఒకాయన కంప్యూటరు ముందు కూర్చుని, 'హైవేకా సార్, కొండ దారికా, బురదకా, అన్నిటికీ పనికొచ్చేదా?' అని హోటల్లో సర్వరు చదివినట్టు గడగడా చదివాడు. 'నువ్వు కాసేపు బయటికెళ్ళి నిలబడు నాయనా, నేను వాటితో మాట్లాడుకోవాలి' అన్నాను. టైరుని ఎంచేది కంటితో కాదయ్యా, చెవితో. పుచ్చకాయ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి వింటాం. అలాగే వరసగా కొట్టుకుంటూ పోయాను. మొదటిది 'డబ్' అంది, మెతక. రెండోది 'టంగ్' అంది, పొగరు. మూడోది అసలేమీ అనలేదు, అలాంటివాటిని మనుషుల్లో అయినా నమ్మకూడదు. అలా పదహారు టైర్లు తీసిపారేశాను. పదిహేడోదాన్ని కొట్టగానే 'చెప్పండి' అంది."

"ఎవరూ, టైరా?" అన్నాను నేను.

"ఆఁ, టైరే. ఎంత మర్యాద! ఊరికే మాటతీరు చూసి పడిపోయే మనిషిని కాదు కదా నేను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. చూసి, 'ఈ రబ్బరు చెట్టు కొండకి తూర్పు వాలులో పెరిగింది, పాలు తీసినవాడిది ఎడమచేతి వాటం' అన్నాను. టై ఆయన ఫక్కున నవ్వాడు. నవ్వాడే కానీ లోపల పురుగు దొలిచింది, కంపెనీకి ఫోను కొట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరగంటలో నలుగురు ఇంజనీర్లు దిగారు!"

"ఎక్కణ్ణుంచి?"

"పైనుంచి. హెలికాప్టరుకి కిందెక్కడా పార్కింగ్ దొరకలేదు, గాల్లోనే తిప్పుతుంటే తాళ్ళు పట్టుకుని జారారు. నా రెండు చేతులూ పట్టుకుని, 'నిజమే సార్, ఆయనది ఎడమచేతి వాటమే. ఆయన పెళ్ళానికీ మాకూ తప్ప మూడోకంటికి తెలియని రహస్యం, మీకెలా తెలిసింది?' అని అడిగారు. నేనేం మాట్లాడలేదు. నాకు డాంబికం గిట్టదని ముందే చెప్పాను కదా. 'అలాంటివే ఇంకో మూడు తీయండి' అన్నాను, అంతే."

గడియారాల పెద్దాయన కంటికి పెట్టుకునే భూతద్దాన్ని జేబులో వేసుకుని, "గాలి మాత్రం షాపులోనే కొట్టించారా?" అన్నాడు సీరియస్‌గా.

"భలే అడిగావన్నయ్యా! షాపు గాలి నేను ఒప్పుకోను. పొద్దస్తమానం అరుపులు, డీజిలు పొగ, బేరాలు, అవన్నీ కలిసిన గాలి అది. టైరు ఎక్కిందంటే దారి పొడుగునా గొణుగుతూనే ఉంటుంది. పొద్దున్నే లేచి ఊరి బయట చెరకు తోట పక్కకి తీసుకెళ్ళి, అక్కడి గాలి పట్టించాను. అందుకే ఇప్పుడు బండికి చప్పుడన్నదే లేదు! మేడమ్ ఇంటి ముందు ఎక్కారు, తలుపు వేసుకున్నారు, ఫైలు చదువుకున్నారు. కాసేపటికి, 'ఇంకా బయల్దేరవేమయ్యా, ఆలస్యం అవుతోంది' అని విసుక్కున్నారు. అప్పటికి మేం ఆసుపత్రికి వెళ్ళి, ఆవిడ డ్యూటీ చేసుకుని, తిరిగి ఇంటికి కూడా వచ్చేశాం."

"డ్యూటీ చేసినట్టు ఆవిడకే తెలియలేదా?" అంది అక్క, గ్లాసు కడగడం ఆపి.

"అంత మెత్తగా నడిచిందమ్మా బండి! మధ్యలో అడ్డు రాకు. ఇక నిన్న మధ్యాహ్నం వాన. కుండపోత. 'ఎల్లుండి కొండెక్కాలి కదా మేడమ్, ఇవాళే ఓసారి ఎక్కి చూద్దాం' అన్నాను. ఎందుకైనా మంచిది, చిన్నపిల్ల ప్రాణం కదా. బయల్దేరాం. మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఈ టైరుకి గాడులు ఉంటాయి చూడండి, నీళ్ళు పక్కకి పోవడానికి? పక్కకి పోవడమేంటి, తాగేశాయి! ఎడారి దాటొచ్చినవాడు కుండెత్తి తాగినట్టు గటగటా తాగుతూ, తాగింది వెనక్కి చిమ్ముతూ పోయాయి. మేం వెళ్ళిన దారంతా పొడి. వెనక మూడు వీధుల అవతల మేడల మీద పూలకుండీలన్నీ తడిసిపోయాయి. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు అడ్డమొచ్చి 'అన్నా, నా పొట్ట కొట్టకు' అని దణ్ణం పెట్టాడు. పాపం, జాలేసి అక్కడ కొంచెం నెమ్మదిగా పోనిచ్చాను."

"మంచి మనసు," అన్నాడు పెద్దాయన.

"మనసు సంగతి ఎందుకులే. కొండెక్కాం. పైన మూడో మలుపు తిరగ్గానే ఎదురుగా ఓ మేక, దాని వెనక రెండు పిల్లలు. బ్రేకు మీద కాలు పెట్టాను. పెట్టానంతే, నొక్కలేదు. ఆ పట్టు ఏమని చెప్పను! బండి ఆగింది, అది మామూలే. కానీ టైర్లు రోడ్డుని వదల్లేదు. ఇంజను ముందుకి లాగుతోంది, టైర్లు కింద రోడ్డుని పీకి పట్టుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు చాపలా చుట్టుకోవడం మొదలెట్టింది. నిజం! మైలురాళ్ళు టకటకా మా పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి, మేమేమో కదల్లేదు. చూస్తుండగానే ఆ రోడ్డు చివరున్న ఆసుపత్రి, మెట్లతో సహా, అంబులెన్సుతో సహా, గేటు దగ్గర మందుల కొట్టుతో సహా, మా బంపరు ముందుకొచ్చి ఆగింది. కిటికీలోంచి ఓ నర్సమ్మ తొంగిచూసి 'డాక్టరు గారూ, శుక్రవారం అన్నారు, బుధవారమే వచ్చేశారేం?' అంది. 'మేం రాలేదు తల్లీ, మీరే వచ్చారు' అన్నాను."

నాకు నవ్వాగక టీ ముక్కులోకి పోయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం మొహంలో ఒక్క గీత కదలనివ్వలేదు.

"మేకలు ఏమయ్యాయి బాబాయ్?" అన్నాను.

"బతికాయి. ఆసుపత్రి కాంపౌండులో గడ్డి మేస్తున్నాయి. ఇప్పుడు అసలు కథ వినండి. తిరిగి దిగేటప్పుడు వాలు నిట్టనిలువు. నాకు అప్పటికే అనుమానం, వీటితో బ్రేకు గట్టిగా తొక్కితే ఏం ముంచుకొస్తుందోనని. కానీ ఎదురుగా లారీ. తప్పలేదు, తొక్కాను, ఈసారి పూర్తిగా. బండి ఆగింది. లారీ ఆగింది. గాలి ఆగింది. పక్షి ఒకటి రెక్కలు చాపి అలాగే గాల్లో నిలబడిపోయింది. ఏంటా అని తల బయటపెట్టి సూర్యుణ్ణి చూస్తే, కదలడే! టైర్లు పట్టుకున్నది రోడ్డుని కాదు నాయనా, భూమిని! తిరుగుతున్న భూమిని పట్టుకుని ఆపేశాయి! నాలుగంటే నాలుగు నిమిషాలు ఆగింది భూమి. మేడమ్ వెనకనుంచి, 'ఇదిగో, కాలు తీస్తావా, అవతల జనం ఎన్ని పనుల్లో ఉంటారో' అన్నారు. తీశాను. మళ్ళీ తిరిగింది."

"అదీ సంగతి!" అన్నాడు పెద్దాయన తొడ చరిచి. "నిన్న నా కొట్లో గడియారాలన్నీ నాలుగు నిమిషాలు ముందున్నాయి. పొద్దుట్నుంచీ స్క్రూలు తిప్పుకుంటూ చస్తున్నాను. ముందే చెప్పొద్దా?"

బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఆయన జన్మలో ఇలాంటి సాక్షి దొరికి ఉండడు. రెండో గ్లాసు అందుకోబోతుంటే వెనకనుంచి ఎవరో దగ్గారు.

నీలం చొక్కా, మోచేతుల దాకా నల్లటి మరకలు, జేబు మీద టైర్ల షాపు గుర్తు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో మేమెవరం చూడలేదు.

"డ్రైవరు గారూ, కథ మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి," అన్నాడు. "ఆ టైర్లు ఇంకా మా షాపులో గోడకి ఆనించే ఉన్నాయండీ."

అక్క స్టవ్వు మంట తగ్గించి ఇటు తిరిగింది.

"మొన్న మీరు ఎంచుకుని వెళ్ళారు, నిన్న బండి తెచ్చారు. నేనే జాకీ ఎత్తి పాతది విప్పాను. తీరా చూస్తే మీవి ఇరవై అంగుళాల చక్రాలు, మీరు తీసుకున్నవి పంతొమ్మిదికి సరిపోయేవి. పాత టైరు మీద నంబరుంటుంది, ఓసారి చదివి చెప్పండని మొన్ననే రెండుసార్లు అడిగాను. 'నా కంటికి తెలియదా' అన్నారు. అలాగే పాతవే వేసుకుని వెళ్ళిపోయారు." అతను గొంతు తగ్గించాడు. "డాక్టరు గారికి చెప్పలేదని నాకు అర్థమైంది. రేపు పొద్దున కొండెక్కాలని మీరే చెప్పారు కదా. అందుకని మధ్యాహ్నం మా పెద్ద గోడౌనుకి నేనే వెళ్ళి ఇరవైవి నాలుగు వెతికి తెచ్చాను. డాక్టరు గారి ఇంటికొస్తే ఆవిడకి తెలిసిపోతుందని ఇక్కడ వెతుక్కుంటూ వచ్చాను. మీరు బండి తెస్తే, షాపు మూసేలోపు వేసేస్తాను."

బాబాయ్ రెండో గ్లాసుని పక్కకి నెట్టేశాడు. రెండు రోజులుగా ఆయన అన్నం సరిగ్గా తినడం లేదని వాళ్ళావిడ టీ కొట్టు అక్కతో ఎందుకందో అప్పుడు మాకు తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న బండి, తనని నమ్మి అప్పజెప్పిన పని, చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే అరిగిన టైర్లతో వానలో కొండెక్కాలి. ఆ భయం మొత్తం మీద కూర్చునే ఇంతసేపూ భూమిని ఆపుతున్నాడు మనిషి.

"నువ్వు... నువ్వే వెతికి తెచ్చావా?" అన్నాడు చివరికి.

"చిన్నపిల్ల ఆపరేషనన్నారు కదండీ."

బాబాయ్ లేచాడు. అతని నల్లటి చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు వదల్లేదు. అంతలో అక్క ఉండబట్టలేక, "అయితే బాబాయ్, భూమి ఆగినట్టా, ఆగనట్టా?" అనేసింది.

ఆయన మావైపు తిరిగాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి, మీసం మాత్రం లేచింది.

"ఎందుకాగలేదమ్మా? గోడకి ఆనుకుని ఉండే ఇంత పని చేశాయంటే, బండికి ఎక్కితే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి! అందుకే కావాలని చిన్న సైజు తీసుకున్నాను!"

పెద్దాయన ఇంతసేపూ బిగబట్టిన నవ్వు ఒక్కసారిగా బయటపడి, బెంచీ మీంచి కిందికి జారిపోయాడు. నీలం చొక్కా ఆయన కూడా పొట్ట పట్టుకున్నాడు.

"ముందు వెళ్ళి నంబరు చదువు బాబాయ్!" అని అరిచింది అక్క.

ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు, బండి తేవడానికి. పెదాలు కదులుతున్నాయి. తోడుగా లేచి వెంట నడిచిన నాకు వినిపించింది: ఇరవై, ఇరవై, ఇరవై.