వడిసెల పట్టిన చెయ్యి

హుజూర్‌నగర్ దగ్గరి గుట్ట మీద పొద్దుటి నుంచి కోడలు రాళ్లు విసిరే వడిసెల తిప్పుతూనే ఉంది. అత్త ఆమె వెనక నిలబడి రేకు డబ్బాను కర్రతో బాదుతోంది. రజాకార్లు ఊరి మీద పడి నెల అయింది.

"మళ్ల ఆగినవ్."

"సప్పుడైతే చెయ్యి బిగుసుకపోతున్నదత్తా."

"ఆనాడు గిట్లనే అయిందా?"

కోడలు వడిసెల కిందికి దించింది.

"నీ కొడుకును గుంజకపోతుంటే వడిసెల నా చేతిలనే ఉండె. తుపాకి పేల్చిన్రు. ఒక్క రాయన్న ఇసరలేకపోయిన. నన్నొక్క మాటన్న అనవెందుకు?"

"అంటే వాడొస్తడా? రాళ్ల మూట నెత్తిన వెట్టుకో. గుట్ట దిగి మళ్ల ఉరికి ఎక్కు."

"పదిసార్లు ఎక్కిన. కాళ్లు వణుకుతున్నయ్."

"వణకనియ్యి. ఆ కాళ్ల మీదనే నిలబడి ఇసరాలె."

ఆమె దిగింది, ఎక్కింది. రొప్పుతూనే వడిసెలలో రాయి పెట్టి తిప్పింది. వెనక నుంచి ఫెళ్లుమని చప్పుడు వచ్చింది. చెయ్యి ఆగలేదు. రాయి పోయి ఎదుటి తాటిమొద్దుకు తగిలింది.

"తగిలింది! ఈసారి మస్తు గట్టిగ కొట్టినవత్తా."

తిరిగి చూస్తే అత్త డబ్బా పడేసి, రెండు చెవులూ మూసుకుని నేల మీద కూలబడి ఉంది.

"నేను కొట్టలే బిడ్డా. ఊరి దిక్కు తుపాకి పేలింది."

కోడలి కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఆమె వంగి రాళ్ల మూట నెత్తికెత్తుకుంది.

"లే అత్తా. ఊర్లెకు పోదాం పా."