కొండ ట్యులిప్, కోవిల్‌పట్టి వంటిల్లు

1993 జూలై 5, సోమవారం ఉదయం, కోవిల్‌పట్టి బస్సు దిగి విరుదునగర్‌లోని మా కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో ఉపన్యాసకులుగా బాధ్యతలు స్వీకరించిన ఆచార్య ప్రభాకరన్ గారు, ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున వారు పావుగంటసేపు రసాయనశాస్త్రం వారి గదిలో కూర్చుని, పాఠం కూడా మొదలుపెట్టబోయి, ఇది తమ విభాగం కాదని తెలుసుకుని లేచి వచ్చారట. ఆ తికమక వారిని ఈనాటికీ వదలలేదని ప్రశంసగానే రాస్తున్నాం.

మొదటి పదేళ్ళూ వారు మన నల్లరేగడి నేలల మొక్కలను సేకరించి, ఎండబెట్టి, అట్టలకు అతికించి, విభాగానికొక వృక్షసంగ్రహాన్ని సమకూర్చారు. ఏ మొక్కనైనా చేతికిచ్చి పేరడిగితే, "ఉండండి, ఇంకొకసారి చూద్దాం" అనేవారు. ఆ మాట విని విద్యార్థులు నవ్వుకునేవారు, పరీక్షల వేళ మాత్రం ఏడ్చేవారు.

2009 వసంతంలో, అటవీశాఖ అనుమతితో హిమాలయాల్లోని కుమావూఁ కొండలకు వెళ్ళిన పరిశోధక బృందంలో వారూ ఉన్నారు. అక్కడొక రాతి వాలు మీద కొన్ని అడవి ట్యులిప్‌లు కనిపించాయి. ఆరు తెల్లని రేకులు, వెలుపల గులాబి చార. రేకుల మొదట్లో ఊదా మచ్చ ఉంటే ఒక పేరు, పసుపు ఉంటే మరొక పేరు; ఈ పువ్వులో చూడబోతే ఒక రేకున ఊదా, పక్క రేకున పసుపు! పుస్తకాలు తిరగేస్తే, ఇద్దరు పండితులు అవి రెండు జాతులన్నారు, మూడవవారు రెండూ ఒకటేనన్నారు. ఎటూ పాలుపోని ప్రభాకరన్ గారికి ఒక్కటే ఆధారం మిగిలింది. ట్యులిప్ జాతులను విడదీయడంలో గడ్డ పైపొట్టుకు లోపలివైపున ఉండే నూగు పెద్ద సాక్ష్యం. ఆ నూగు తీరు వేరుగా ఉంటే అది లోకానికే కొత్త జాతి కావచ్చు. దాని శాస్త్రీయ నామం వెనుక ప్రభాకరన్ అనే పేరు శాశ్వతంగా నిలిచిపోవచ్చు. ఆ ఆశతోనే వారు మూడు గడ్డలను పువ్వులతో సహా కోవిల్‌పట్టిలోని ఇంటికి తెచ్చారు.

పువ్వులను కాగితాల మధ్య అదిమిపెట్టి, గడ్డలను వంటింటి గట్టు మీద ఆరబెట్టి, వారు స్నానానికి వెళ్ళారు. మరునాడు చుట్టాలు రానున్నారు. చుట్టాలొచ్చే ముందురోజే చిన్న ఎర్రగడ్డలన్నీ, అంటే సాంబారు ఉల్లిపాయలన్నీ, ఒలిచి చేటలో సిద్ధం చేసుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి, శ్రీమతి మారీశ్వరి గారి చేటలో మూడు ట్యులిప్ గడ్డలు నున్నగా, తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏమండి, మీరు తెచ్చిన ఎర్రగడ్డ పొట్టంతా మన్నుగా ఉండె. కుళ్ళిపోతుందని ఒలిచిపెడితిని. ఆ ఊరి గడ్డలో గాటే లేదండి, కంట్లో ఒక్క సుక్క నీళ్ళు రాలే."

"పొట్టు ఏడ?"

"మునిసిపాలిటీ బండిలో ఏస్తిని. ఏం, ఆడ పొట్టు కూడా తింటారా?"

ఆయన లుంగీ ఎగగట్టి, వీధంతా చూస్తుండగా చెత్తబండి వెంట పరుగెత్తి, రెండు దోసిళ్ళ పొట్టు పట్టుకొచ్చారు. కళాశాలకు తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు, మళ్ళీ చూశారు. అయ్యో రామా! ఒక్కటి మిగలకుండా అంతా ఎర్రగడ్డ పొట్టే. గడ్డలను ఫ్రిజ్‌లో దాచారు గానీ, మన ఎండలకు కరెంటు నిలిచిందెప్పుడు? అవీ కుళ్ళిపోయాయి.

అప్పటి విభాగాధిపతి హరికృష్ణన్ గారు జాలిపడి, "నూగు ఉందని రాసేయండి సార్, ఎవరు వచ్చి చూస్తారు?" అన్నారు. ప్రభాకరన్ గారు ఆ సాయంత్రం చాలాసేపు కలం పట్టుకు కూర్చుని, అట్ట మీద 'ట్యులిప్, జాతి తెలియదు' అని రాసి లేచారు. ఇంట్లో మారీశ్వరి గారు, "నేనే చెడిపితిని" అని కంటతడి పెట్టుకుంటే, "నువ్వేం చేస్తివి? ముందూ నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు," అన్నారట. అయినా ఆ తల్లి మనసు కుదుటపడలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎర్రగడ్డ ఒలిచేముందు ప్రతిసారీ ఆయనకు చూపించి, ఔనంటేనే ఒలుస్తారు.

ఆ తరువాత వారు ఆచార్యులయ్యారు, విభాగాధిపతి అయ్యారు, ఎందరికో పరిశోధనా మార్గం చూపారు. ఆ అట్ట మాత్రం అలాగే ఉంది. ఈ ఏడాది సంగ్రహాన్ని కంప్యూటరుకెక్కిస్తున్న మా విభాగపు కలైసెల్వి గారు, "జాతి పేరు లేకుంటే ఇది ముందుకు పోదు సార్, ఏదో ఒకటి చెప్పండి," అని బతిమాలితే, వారు భూతద్దం తీసి, "ఉండమ్మా, ఇంకొకసారి చూద్దాం," అన్నారు. మాకు నవ్వూ వచ్చింది, గుండే బరువెక్కింది.

అందుకే శాలువాతో సరిపెట్టక, జూన్ నెలలో ఆ కుమావూఁ కొండల అంచునున్న కాఠ్‌గోదాం దాకా రెండు రైలు టిక్కెట్లు కొన్నాం, అటవీశాఖ అనుమతీ తెప్పించాం. అప్పటికి పువ్వులు రాలిపోయినా, ఎండిన కాయలు ఆనవాలు చెబుతాయి, నేలలో గడ్డలుంటాయి. గతవారం తేనీటి విందులో టిక్కెట్లు చేతికివ్వగానే మారీశ్వరి గారు బెదిరిపోయి, "నేను వస్తా గాని ఆ గడ్డ జోలికి రాను. చేతులు కట్టుకొని నిలబడతా," అన్నారు.

ప్రభాకరన్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నువ్వు కాకుంటే ఎవరు ఒలిచేది? నా చేతులు వణుకుతా ఉండాయి. నువ్వే ఒలవాల. పొట్టు మాత్రం నా చేతికియ్యి."

ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, చల్లని కొండగాలిలో, ఒకరికొకరు తోడుగా నూరేళ్ళూ తిరగాలనీ, ఆ అట్ట మీది ఖాళీని స్వహస్తాలతో పూరించడానికి మళ్ళీ మన విభాగానికి రావాలనీ మనసారా కోరుకుంటున్నాం. అంతవరకు ఆ అట్టను ఎవరూ ముట్టరు.