రంగనాయకులు గారి మెయిలింజను

బిట్రగుంట లోకోషెడ్డు ఫిట్టరు హజరత్తయ్య మాటలు కోటలు దాటుతాయని స్టేషనంతా ఎరుగుదురు. ఆ సాయంత్రం మాత్రం ఆయన కోతలకు ఒక కారణం ఉంది. గూడ్సు డ్రైవరు రంగనాయకులు ఆ పూటే రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళూ గూడ్సే తోలాడు, మెయిలు బండి ఎక్కే వంతు ఆయన దాకా రానేలేదు. ఆ వెలితి తీరుద్దామని షెడ్డువాళ్ళంతా కలిసి మద్రాసు నుంచి ఆవిరితో నడిచే బొమ్మింజను తెప్పిస్తే, పెట్టెలో వచ్చింది గూడ్సింజను. దాన్ని మెయిలింజనుగా మార్చే పూచీ నాదన్నాడు హజరత్తయ్య. ఇప్పుడు ముత్యాలయ్య టీ అంగట్లో, రంగనాయకులు ఎదుటే, దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, విప్పమంటే విప్పకుండా చెప్పుకుపోతున్నాడు. విప్పే ఘడియ ఎంత ఆలస్యమైతే అంత మేలని ఆయన ఒక్కడికే తెలుసు.

“మెయిలుకు గుండుముక్కు ఉండాల గదా, మా ఇంటామె చెంచమ్మ ఇత్తడి చెంబు అడుగు కోసి, సానబట్టి, అతికించినా. బాయిలరు కింద స్పిరిటు దీపం ముట్టించి వసారాలో పెట్టినా. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? గడప దాటింది, మెయిన్ లైనెక్కింది. రెండు పట్టాలూ అందవు గదా దానికి, తాటిదుంగ మీద కాలవ దాటేవాడి మాదిరి ఒక్క పట్టా మీదనే పోయింది. కొత్త మెయిలు వస్తావుందని సిగ్నలు దానంతటదే పడింది.”

“నువ్వేడుండావు?” అన్నాడు ముత్యాలయ్య, టీ వడగట్టడం మరిచిపోయి.

“ఎనకనే, పరిగెత్తతా. నెల్లూరులో నలభై పెట్టెల మొలగొలుకుల బియ్యం గూడ్సు కదల్లేక నిలబడుంది. ఇది ముక్కుతో ఒక్క నెట్టు నెట్టింది. గూడ్సు గూడూరులో పోయి ఆగింది. తడ చేరేసరికి దీనికి దప్పికైంది. పులికాట్ చెరువులోకి దిగి తాగితే చెరువడుగు బయటపడింది. చేపలు పట్టే చిన్నపోలయ్య పడవ బురదలో కూలబడింది. ‘మా నీళ్ళు మాకియ్యి తల్లీ’ అని ఆయన దండం పెట్టినాడు.”

“ఉప్పునీళ్ళు బాయిలరుకు పడవు గదా” అన్నాడు పక్కనున్న ఫైర్‌మన్ గంగాధరం.

“పడవు. అందుకే ఉప్పంతా పొగగొట్టంలో నుంచి కక్కింది. ఈ ఏడు తడలో ఉప్పు కొనే ఇల్లు ఉండదు. ఇంక ఏగం పట్టలేక, శ్రీహరికోట అడివి మీదుగా నిట్టనిలువునా ఆకాశానికి పోయింది. చుక్కల్లో ఒక చుట్టు తిరిగొచ్చి, నా అరచేతిలో దిగింది.”

చెబుతుంటే ఆయనకే ఒళ్ళు గగుర్పొడిచింది. అంగట్లో అందరూ నోళ్ళు తెరుచుకుని, నిజంగానే ఆకాశం వైపు చూశారు.

“ఇట్లియ్యి” అని రంగనాయకులు చెయ్యి చాపాడు.

ఇక హజరత్తయ్యకు ఇవ్వక తప్పలేదు. రంగనాయకులు తువ్వాలు విప్పాడు. ఇత్తడి ముక్కు ఎండకు మెరిసింది. ఆయన దాన్ని ప్రేమగా నిమిరి, బొమ్మను వెల్లకిలా తిప్పి, బండి తీయబోయే ముందు చూసుకున్నట్టే చక్రాలన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాడు.

“మెయిలుకు పెద్ద చక్రాలు ఆరు. దీనికి ఎనిమిదుండాయి. ఇది గూడ్సింజనే హజరత్తయ్యా. ముక్కొకటే మార్చినావు.”

హజరత్తయ్య తల దించుకున్నాడు. “ఇరుసు ఊడదీస్తే ఇంజనే ఇరిగిపోయేట్టుందన్నా. మూడు దినాలు చూసినా. నీకు మెయిలు ఇయ్యాలనే ఉండె. నా చేత కాలేదు.”

పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడని మనిషి రంగనాయకులు.  ఆయన లేచి, ఇంజనును చంకలో భద్రంగా పెట్టుకున్నాడు.

“ఆరు చక్రాల మెయిలు తోలినోళ్ళు ఈ లైన్లో వందమంది ఉండారు. ఎనిమిది చక్రాల మెయిలు తోలినోడిని నేనొక్కడినే. రేపు మా ఊళ్ళో ఇట్లనే చెప్తా. ఎవురన్నా అడిగితే నువ్వే సాక్షి.”

హజరత్తయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఎనకనే పరిగెత్తినోడిని, నేను గాక ఇంకెవురన్నా సాక్షి?” అంటూ ఖాళీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.