వానకు ఉబ్బిన తలుపు

కోర్టు తనను నిర్దోషి అని వదిలేసిన మర్నాడే ముసలాయన వడ్రంగిని పిలిపించాడు. వానాకాలం వస్తే చాలు, ఆ ఇంటి వీధి తలుపు ఉబ్బి పట్టేస్తుంది.

“బాబాయ్, ఆ దొంగ ఆరడుగులని మొదట్లో అన్నావు. నిన్నటికి ఏడడుగులయ్యాడు. ఈ గుమ్మంలో పడతాడా?”

“పడడనేరా పెంకులు తీసి పైనుంచి దిగాడు! ఏనుగులా మీదికొచ్చాడు, కర్రతో ఒక్కటిచ్చాను. అంతే, చచ్చాడు. మీదికొస్తే కొట్టొచ్చు, పారిపోతుంటే కొట్టకూడదు. అదీ చట్టం.”

“మరి లోపలివైపు, గడియ దగ్గర ఈ గోటి గీతలేంటి?”

“పిల్లి గీరుంటుంది.”

“నా గుండె ఎత్తున గీరే పిల్లిని ఎక్కడా చూళ్లేదు బాబాయ్.”

ముసలాయన నవ్వబోయి మానేశాడు.

“గడియ తీసినా ఈ తలుపు రాదు. పైకెత్తి లాగాలి. అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాడికి...”

“తెలీదురా. వీపు నావైపే ఉంది. లాగుతూనే ఉన్నాడు. ‘పోతాను తాతా, తలుపు తియ్యి’ అన్నాడు. కోర్టులో ఆ మాట చెప్పలేదు. పట్టపగలు కూడా వినిపిస్తోందిరా, ఆ గీరుడు.”

వడ్రంగి ఆ గీతలు తడిమి అడిగాడు.

“గట్టి తలుపు కొత్తది పెట్టనా?”

“వద్దు. దీన్నే చిత్రిక పట్టు. లోపలున్నవాడు ఒక్క వేలితో లాగితే వచ్చెయ్యాలి.”