మా అమాన్సియాకి లిస్బన్ చూపించిన రోజు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ చెర్రీ సారా నా గొంతులోనే గడ్డకట్టాలి. మా గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని జెఫెరీనోకీ ఇదే చెప్పాను. వాడిది మా సందు చివరి పాటల కొట్టు. ఈ సాయంత్రం నా మనవరాలు బెనెడీతా అక్కడ మొదటిసారి ఫాదు, అదే మా ఊరి దిగులు పాట, పాడుతోంది. వాడేమో నన్ను గడప తొక్కనివ్వనంటాడు.

"నాలాంటిదాన్ని ఆపుతావట్రా? మా పిన్ని కూతురు అమాన్సియా కొండల్లోంచి దిగొస్తే ఊరంతా ఒక్కరోజులో చూపించినదాన్ని. పొద్దున్నే ట్రామెక్కామా, మలుపులో ఎవడో పట్టాల మీద కారు పెట్టిపోయాడు. మగాళ్ళంతా దిగి మీసాలు దువ్వుకుంటున్నారు. నేను దిగి, కారును పట్టుకుని పక్కకి జరిపాను."

"నలుగురు పట్టుకుంటే జరుగుతుందిలే," అంది పక్కింటి ఓడెట్, బట్టలారేస్తూ.

"ఒంటిచేత్తో. రెండో చేతిలో వేడివేడి కస్టర్డ్ బిళ్ళ ఉందిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊపుకి ట్రాము కూడా లేచింది. లేచింది కదా అని జనంతో సహా కోట దాకా మోసుకుపోయాను. డ్రైవరు టికెట్టడిగాడు. ఎవరు ఎవర్ని మోస్తున్నారు నాయనా అన్నాను. తీరా పైకెళ్తే నది మీద మంచు. అవతలి ఒడ్డు కనబడలేదని అమాన్సియా మొహం మాడ్చుకుంది. ఏప్రన్ విప్పి ఒక్క విసురు విసిరాను. మంచు పోయి స్పెయిన్లో పడింది. వాళ్ళింకా తిట్టుకుంటున్నారు."

"స్పెయిన్ వాళ్ళు తిడితే మనకి మంచిదే," అన్నాడు జెఫెరీనో.

"సాయంత్రం నీ కొట్టుకే వచ్చాం. దీపాలు తగ్గించావు, గిటారు మోగింది, నేను అందుకున్నాను. అది పాట కాదురా, పోటెత్తిన సముద్రం. వినడానికి నదే మెట్లెక్కి వచ్చింది, సార్డీన్ చేపల్ని వెంటేసుకుని. అవి ఎంత ఏడ్చాయంటే, తర్వాత కాల్చుకుంటే ఉప్పు వెయ్యాల్సిన పనే లేకపోయింది."

ఓడెట్ నోట్లోని బట్టల క్లిప్పు జారి కింద పడింది.

జెఫెరీనో గ్లాసు కింద పెట్టాడు. "అవ్వా, ఆ రాత్రి పాడింది మా ఆవిడ. పాట మొదలయ్యాక నోరెత్తకూడదని ఈ సందులో పసిపిల్లలకీ తెలుసు. నువ్వేమో ఈ కారు కథే అమాన్సియాకి చెప్తూ కూర్చున్నావు. పాపం రెండుసార్లు పాట ఆపింది మా ఆవిడ. నిన్ను చెయ్యిపట్టుకుని బయటికి పంపింది నేనే."

నాకు మాట పడిపోయింది. అదీ నిజమే, ఓడెట్‌ని అడగండి.

"మరి బెనెడీతా?" అన్నాను చివరికి.

"దాని పాటలో నువ్వు నోరు తెరిస్తే పిల్ల బెదిరిపోతుంది. పాడడం అక్కడితో సరి. నోరు మూసుకుంటానని మాటివ్వు, ముందు వరసలో కుర్చీ వేస్తాను."

"నా నోటి సంగతి నాకు తెలుసు, అది నా మాట వినదు. లేవరా, మూల మీది కొట్టుకెళ్ళి, పళ్ళకి అతుక్కుంటే ఊడిరాని టాఫీలు గుప్పెడు పట్టుకురా. పెద్దవి చూడు. దాని పాట అయ్యేదాకా నా దవడ తెరుచుకోకూడదు."